చర్చ: డాబా మీద సోలార్‌కి 78 వేలు ఇస్తున్నారు, రేకుల ఇంటికి సున్నం వేయించడానికి ఎందుకు ఇవ్వరు?

పొందూరు_ఏకు:
అందరికీ నమస్కారం. ఇంటి మీద సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం డబ్బిచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చి (2024 ఫిబ్రవరి) మా వీధిలో నాలుగు డాబాల మీద ప్యానెళ్లు లేచాయి. మొదటి రెండు కిలోవాట్లకి తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు కేంద్రం ఇస్తుంది. మంచిదే. కానీ ఇంటి కప్పు వేడెక్కకుండా తెల్లగా సున్నం వేయించుకోవడానికి అందులో రూపాయి లేదు.

మా మేనత్త నూలు వడుకుతుంది. సిమెంటు రేకుల ఇల్లు. మేలో పన్నెండు దాటితే ఆ రేకు కింద నెత్తి మీద పెనం పెట్టినట్టే. ఫ్యాన్ ఉంది, వేయదు. వేస్తే దువ్విన పత్తి ఇల్లంతా ఎగురుతుంది. వాలుగ చేప దవడతో గంటసేపు దువ్విన పత్తి అది. మెడ మీద తడిగుడ్డ వేసుకుని, చెమట పత్తి మీద పడకుండా మాటిమాటికీ మోచేత్తో నుదురు తుడుచుకుంటూ వడుకుతుంది. ఈవిడకి కరెంటు ఊరికే ఇచ్చినా ఏం చేసుకుంటుంది?

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడ పేదల ఇళ్ల గోడల్లో, అటకల మీద చలి దూరకుండా దళసరి పొరలు వేయించే బాధ్యత 2013లో మొదలైన ఒక పథకం కింద పెద్ద కరెంటు, గ్యాస్ కంపెనీల నెత్తిన పెట్టారు. వాళ్లది చలి, మనది ఎండ. మన దగ్గర అలాంటిది ఎందుకు అడగకూడదు?

బొబ్బిలి_సోలార్:
అన్నా, నేను ప్యానెళ్లు బిగించేవాణ్ని, కాబట్టి నా మాట సగం తీసేసి వినండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్లు ఉచితం అన్నారు. బీసీలకి కేంద్రం ఇచ్చే 60 వేలకి తోడు రాష్ట్రం మరో 20 వేలు. పేదలకి లేదనడం సరికాదు. పైగా ప్యానెళ్లకి మీటరు ఉంటుంది. ఎన్ని యూనిట్లు వచ్చాయో లెక్క కనబడుతుంది. సున్నానికి ఏం లెక్క? ఒక్క వానాకాలం పోతే వేశారో లేదో దేవుడికే తెలియాలి. సున్నానికి సబ్సిడీ అంటే గోడ మీద ఒక గీత గీసి బిల్లు పెట్టేవాళ్లు ఊరికి పదిమంది లేస్తారు.

కోట_దగ్గర_మాస్టారు:
రెండేళ్లుగా మా ఇంట్లో 3 కిలోవాట్లు ఉంది. విజయనగరంలో డాబా ఇల్లు. వేసవిలో 300 యూనిట్లు కాలేది. శ్లాబుల ప్రకారం యూనిట్ల ఛార్జీయే 1,673 రూపాయలు, ఆపైన మిగతా వడ్డనలు. ఇప్పుడు ఎండాకాలం కూడా బిల్లు గురించి టెన్షన్ లేదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: ప్యానెళ్ల నీడ పడే గది మునుపటికంటే చల్లగా ఉంటోంది. అంటే నాకు రెండూ దక్కాయి.

సబ్సిడీ మాత్రం ముందు రాదు బాబూ. మన డబ్బో బ్యాంకు అప్పో పెట్టి బిగించుకుని, అధికారులు చూసి, కనెక్షన్ ఇచ్చాకే ఖాతాలో పడుతుంది.

పొందూరు_ఏకు:
మాస్టారూ, మీ లెక్కలోనే నా బాధ ఉంది. మా అత్త నెలకి 60 యూనిట్లు కాలుస్తుంది. మొదటి 30కి 1.90 చొప్పున 57, తర్వాతి 30కి 3 చొప్పున 90. మొత్తం 147. సబ్సిడీ పోను ఒక కిలోవాట్‌కి చేతి నుంచి 40 వేలు పడిందనుకోండి, ఆ 147 మిగుల్చుకుంటూ వసూలు చేసుకోవడానికి ఇరవై రెండేళ్లు దాటుతుంది. బీసీ కింద మరో పది వేలు తగ్గించినా పదిహేడేళ్లు. బిల్లు ఎక్కువ కట్టేవాడికే లాభం ఎక్కువ. అసలు ఆ రేకుల మీద ప్యానెల్ నిలబెట్టడానికి మీరైనా ఒప్పుకుంటారా బొబ్బిలి తమ్ముడూ?

బొబ్బిలి_సోలార్:
ఒప్పుకోను. కింద ఇనుప దూలాలు వేస్తే తప్ప. ఈ మాట కరెక్టే.

ఉద్దానం_కొబ్బరి:
ఒకటి రెండు మాటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస వైపు తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి, కరెంటు రోజుల తరబడి లేదు. ఇప్పుడు ఇస్తున్న సోలార్ ఎక్కువగా గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్‌కి, కట్టేసినవే. లైన్‌లో కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు, అది న్యాయమే. కానీ ఎండ కాస్తూనే ఉంటుంది, ఇంట్లో చీకటి. బ్యాటరీ కావాలంటే ఆ ఖర్చు మనదే, సబ్సిడీ లెక్క ప్యానెళ్లకే. సముద్రం గాలికి బిగించిన ఇనుము తుప్పు పట్టడం వేరే కథ.

చీపురుపల్లి_పద్దు:
నేను పద్దులు రాసే మనిషిని, అలాగే మాట్లాడతాను. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, అంటే ఇంటి కప్పు ఎండకి వేడెక్కకుండా చేయించాలని. ప్రభుత్వ భవనాలకి, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి తప్పనిసరి. చిన్న ఇళ్లకి ఇష్టమైతేనే. చూశారా, అక్కడా రేకుల ఇంటి దాకా రాలేదు. కాబట్టి డిమాండ్ సరిగ్గా పెట్టండి. డబ్బు చేతికి ఇవ్వమనొద్దు. పంచాయతీ తరఫున సున్నం కొని, ఏడాదికోసారి మార్చిలో ఉపాధి కూలీలతో వేయించమనండి. ఫొటో తీసి పెట్టమనండి. బొబ్బిలి బాబు భయం కొంత తీరుతుంది.

మా ఇంటి డాబాకి మేమే వేసుకున్నాం. సున్నం, కొంచెం ఫెవికాల్, రెండు పూతలు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా పైకెక్కి వడియాలు తీసుకొస్తున్నాను. అంతకుముందు సాయంత్రం దాకా ఆగేదాన్ని.

కోట_దగ్గర_మాస్టారు:
ఉపాధి పనుల్లో సొంత ఇళ్లకి సున్నం వేయడం కుదురుతుందా అమ్మా? చెరువు పూడిక తీయడానికే కొలతల గొడవలు.

చీపురుపల్లి_పద్దు:
ఇందులో కుదరకపోతే వేరే పద్దు కింద. వీధి దీపాలకి దొరికే డబ్బు ఇంటి కప్పుకి దొరకదా మాస్టారూ?

పొందూరు_ఏకు:
అక్కా, పథకం వచ్చేదాకా అత్త ఆగలేదు. ఈ ఆదివారం నేనే వేస్తాను. రేకులకి కూడా ఫెవికాల్ సున్నం పట్టుకుంటుందా?

బొబ్బిలి_సోలార్:
పట్టుకుంటుంది గానీ ముందు నాచు తీయాలి. పొడిగా గీకకండి అన్నా, సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి, మెత్తని బ్రష్‌తో. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, బోల్టుల వరస మీద చెక్క పలక వేసుకుని దాని మీద నడవండి. నా దగ్గర పొడుగు నిచ్చెన ఉంది, ఆదివారం శ్రీకాకుళంలో పని. పొద్దున్నే వస్తూ దించేస్తాను.

పొందూరు_ఏకు:
రా తమ్ముడూ. అత్త అడుగుతోంది, పొద్దున్న టిఫిన్ తిని వస్తావా, ఇక్కడ తింటావా అని.