ట్రెపీజియం వైశాల్యంలో ఆ సగం ఎక్కడిది?

ప్రశ్న: ట్రెపీజియం (ఒక జత ఎదురు భుజాలు సమాంతరంగా ఉండే చతుర్భుజం) వైశాల్యానికి సమాంతర భుజాలు కూడి, ఎత్తుతో గుణించి, సగం చేయాలని మా పాప బట్టీ పట్టేసింది. ఇప్పుడేమో సగం ఎందుకు చేయాలని అడుగుతోంది. సూత్రం కాకుండా బొమ్మతో చూపించే దారేమైనా ఉందా?

జవాబు 1: చాలా మంచి ప్రశ్న అడిగింది! ఒక కర్ణం, అంటే ఎదురెదురు మూలలు కలిపే గీత, గీయించండి. సమాంతర భుజాలు 6, 10 సెం.మీ., ఎత్తు 4 సెం.మీ. అనుకుంటే రెండు త్రిభుజాలొస్తాయి, రెండింటికీ ఎత్తు 4 సెం.మీ.యే, ఎందుకంటే సమాంతర రేఖల మధ్య దూరం ఎక్కడైనా ఒకటే. త్రిభుజ వైశాల్యం భూమి, ఎత్తుల లబ్ధంలో సగం కాబట్టి 6 × 4లో సగం 12, 10 × 4లో సగం 20; రెండూ కలిపితే 32 చ.సెం.మీ. ఆ సగం త్రిభుజానిదే.

జవాబు 2: అట్టతో ఒకేలాంటి ట్రెపీజియాలు రెండు కత్తిరించి, ఒకదాన్ని తలకిందులుగా తిప్పి పక్కన ఆనించండి. భూమి 6 + 10 = 16 సెం.మీ. ఉన్న సమాంతర చతుర్భుజం అవుతుంది, అందులో సగమే మనది.

జవాబు 3: ఏటవాలు భుజాన్ని ఎత్తుగా తీసుకోనివ్వకండి, పిల్లలు ఎక్కువగా అక్కడే పొరబడతారు.