పిల్లి లిట్టర్ కంపు: తప్పు తిండిదా, డబ్బాదా? పచ్చి చికెన్‌కి మార్చాలా వద్దా?

సుజాత_కూకట్‌పల్లి

మాది నాలుగో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మూడేళ్ళ పర్షియన్ మగపిల్లి ఉన్నాడు, పేరు బూరె. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. పొద్దున, సాయంత్రం ప్యాకెట్ డ్రై ఫుడ్ పెడతాను. రాత్రి మా అత్తయ్య తన కంచంలోంచి పెరుగన్నం ముద్ద పెడతారు. అది పడకపోతే వాడు ఎవర్నీ పడుకోనివ్వడు.

బాధంతా లిట్టర్ (వాడు దొడ్డికెళ్ళే డబ్బాలో పోసే మట్టి) వాసనతో. ఉచ్చ ఘాటు సరేసరి, దొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ హాలు దాకా పులిసిన కంపు కొడుతోంది. పలచగా పోతున్నాడు, వెనక బొచ్చుకి అంటుకుంటోంది. పిల్లులు పెంచే స్నేహితురాలు "ప్యాకెట్ మానేసి మొత్తం పచ్చి చికెన్‌కి మార్చెయ్, కంపు అదే పోతుంది" అంటోంది. తిండి మారిస్తే వాసన నిజంగా మారుతుందా? మారేట్టయితే పచ్చిమాంసం పెట్టడం మంచిదేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఉప్పల్_శీను

అక్కా, మారుతది. మస్తు మారుతది. నాకు రెండు దేశీ పిల్లులున్నయ్. ప్యాకెట్ బంద్ చేసి పచ్చి చికెన్ బొక్కలతోని పెట్టుడు షురూ చేసినంక దొడ్డికి కొంచెమే పోతున్నయ్, గట్టిగ పోతున్నయ్. తెల్లారేసరికి అది ఎండి సున్నపు ముక్క లెక్క పొడైతది. దగ్గరికి వంగి చూస్తే తప్ప వాసన తెల్వదు.

పిల్లి దేన్ని పట్టుకొని తినేటి జంతువు? ఎలుకని, పిట్టని. ఎలుక కడుపుల ఎన్ని మక్కలుంటయ్ చెప్పు? ప్యాకెట్ ఎనక తిప్పి చదువు, చౌక రకాల్ల ముందుగాల కనిపించేవి మక్కలు, బియ్యం, గోధుమ. పిండి లేకుంటే ఆ గోలీలు గట్టిపడవు, అందుకే కలుపుతరు. ఆ పిండి పిల్లి కోసం కాదు, మిషన్ కోసం. అరగని తిండి పెట్టి కంపు కొడుతుందంటే తప్పు పిల్లిది గాదు గదా.

తణుకు_లక్ష్మి

పెరుగన్నం మీద పడుతున్నారేమో అని ముందే రాస్తున్నానండీ. మాది శాకాహారం ఇల్లు. మా అమ్మమ్మ వాళ్ళ పెరట్లో ఎప్పుడూ పిల్లులే, అన్నిటికీ పెరుగన్నమే, పాలే. ఒక్కటీ జబ్బు పడి చావలేదు. ఇప్పుడు ప్యాకెట్లు వచ్చాక పెరుగన్నం విషమైపోయిందా? పెద్దావిడ ప్రేమగా పెట్టే ముద్ద మాన్పించే ముందు బాగా ఆలోచించండి సుజాత గారూ.

డా_గన్నవరం

పశువైద్యం చేస్తాను, పిల్లుల కేసులు ఎక్కువ చూస్తాను. సుజాత గారు రాసినదాంట్లో రెండు వాసనలున్నాయి. రెండిటికీ పుట్టుక వేరు, కలిపి మాట్లాడితే దారి దొరకదు.

మొదటిది మలం వాసన. చిన్నపేగులో అరగకుండా మిగిలిన మాంసకృత్తులు పెద్దపేగులోకి జారితే అక్కడి బాక్టీరియా వాటిని కుళ్ళబెడుతుంది. ఇండోల్, స్కటోల్, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కంపు పదార్థాలు అక్కడ తయారయ్యేవే. కాబట్టి ప్యాకెట్ మీద ప్రొటీన్ శాతం ఎంత రాసి ఉందని చూస్తే సరిపోదు, అందులో పేగు ఎంత పీల్చుకోగలదన్నది ముఖ్యం. చర్మం, స్నాయువులు ఎక్కువ కలిసిన సరుకు కండమాంసం అరిగినట్టు అరగదు. ఇక్కడిదాకా శీను గారి మాటతో ఏకీభవిస్తాను.

పిండి సంగతి ఆయన చెప్పినంత తేలిక కాదు. పిల్లి లాలాజలంలో పిండిని అరిగించే అమైలేజ్ దాదాపు ఉండదు, క్లోమంలో కూడా కుక్కకి ఉన్నంత ఉండదు. అయినా బాగా ఉడికిన పిండిపదార్థం మోతాదులో ఉంటే పిల్లికి అరుగుతుంది. మోతాదు మించితే మిగిలింది పెద్దపేగులో పులిసి గ్యాస్, పలచటి పుల్లటి మలం వస్తాయి. పాలదీ అదే కథ. తల్లిపాలు మానేశాక పిల్లుల పేగులో లాక్టోజ్‌ని, అంటే పాలలోని చక్కెరని, విడగొట్టే ఎంజైమ్ బాగా తగ్గిపోతుంది. పెరుగులో పాలలో కన్నా లాక్టోజ్ తక్కువే గానీ పూర్తిగా పోదు. సుజాత గారు "పులిసిన కంపు", "పలచగా" అన్న రెండు మాటలు చదవగానే నా అనుమానం ప్యాకెట్ కన్నా ముందు రాత్రి ముద్ద మీదికి పోయింది.

లక్ష్మి గారూ, మీ అమ్మమ్మగారి పిల్లులు పెరుగన్నం మీద బతకలేదండీ. పెరట్లో ఎలుకలు, బల్లులు, పిట్టలు వాటి అసలు తిండి. పెరుగన్నం మీద ప్రేమతో కాళ్ళ దగ్గర తిరిగేవి, అంతే. పైగా అవి మట్టిలో గొయ్యి తీసి పూడ్చేసేవి, వాసన మనదాకా వచ్చేది కాదు. తలుపు దాటని ఫ్లాటు పిల్లికి మనం పెట్టిందే గతి. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది కరువైతే కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండెజబ్బుకీ టారిన్‌కీ ఉన్న ఈ లంకెని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో తేల్చారు. అంతకుముందు ఆ జబ్బుతో చనిపోయిన పిల్లులకి కారణమేంటో కూడా తెలిసేది కాదు.

రెండోది మూత్రం ఘాటు. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, ఇది విడిపోయినప్పుడు గంధకం కలిసిన ఘాటు పదార్థాలు వస్తాయి. దాని తయారీలో కాక్సిన్ అనే ప్రొటీన్ పాత్రని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆపరేషన్ కాని మగపిల్లుల్లో ఇది చాలా ఎక్కువ. బూరెకి ఆపరేషన్ అయింది కాబట్టి అంత ఉండకూడదు. మిగిలిన అమ్మోనియా ఘాటు డబ్బాలో పుడుతుంది. మూత్రంలోని యూరియాని బాక్టీరియా విడగొడితే వచ్చేదది. ప్రొటీన్ ఎక్కువ తింటే యూరియా కూడా ఎక్కువే. అంటే మొత్తం మాంసానికి మారిస్తే మలం వాసన తగ్గొచ్చు గానీ మూత్రం ఘాటు తగ్గుతుందని ఆశపడకండి.

ఉప్పల్_శీను

డాక్టర్ సాబ్, మలం వాసన తగ్గుతదని మీరే ఒప్పుకున్నరు. అక్క అడిగింది గదే. ఇగ పచ్చి చికెన్‌కి అడ్డమేంది?

డా_గన్నవరం

అడ్డం "పచ్చి" అన్న మాట దగ్గర. 2012లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లులకి డ్రై ఫుడ్, పచ్చి గొడ్డుమాంసం, ఉడికించిన గొడ్డుమాంసం మూడూ పెట్టి, ఏది ఎంత అరుగుతుందో కొలిచారు. డ్రై ఫుడ్ కన్నా మాంసం బాగా అరిగింది. ఉడికించినా ఆ లాభం పోలేదు. మీ ఇంట్లో వాసన తగ్గడానికి కారణం చికెన్, అది పచ్చిగా ఉండటం కాదు. బొక్కల్లో కాల్షియం వల్ల మలం గట్టిపడి తెల్లగా పొడి అవుతోంది. బొక్కలు మరీ ఎక్కువైతే మలబద్ధకం, అదొక బాధ.

పచ్చిగా పెడితే వచ్చే లాభమే ఉడికించి పెట్టినా వస్తున్నప్పుడు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియాని ఇంట్లోకి ఎందుకు పిలవాలి? పిల్లి పైకి బాగానే కనబడుతూ మలంలో దాన్ని వదులుతుంది. ఆ డబ్బా ఎత్తేది సుజాత గారు, ఆ ఇంట్లో వయసు పైబడిన అత్తయ్యగారు ఉన్నారు.

తణుకు_లక్ష్మి

పెరుగన్నం మాట తర్వాత, పచ్చి కోడి మాట వినేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే వేల్పూరు కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. కిలోమీటరు చుట్టూ రెడ్ జోన్ పెట్టారు, కోళ్ళని గోతుల్లో పూడ్చారు, చికెన్ దుకాణాలు మూసేశారు. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లా నరసరావుపేటలో రెండేళ్ళ పసిపాప ఆ వైరస్‌తోనే పోయింది. కూరకి కోస్తున్న కోడిమాంసం పచ్చిముక్క నోట్లో పెట్టుకుందని పేపర్లలో వచ్చింది. శీను గారూ, మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? పిల్లి గిన్నె నేలమీదే కదా ఉండేది.

ప్రవాసి_పోర్ట్‌లాండ్

మా ఒరెగాన్‌లో 2024 డిసెంబరులో ఒక పెంపుడు పిల్లి చనిపోయింది. ఇంట్లోంచి బయటికే వెళ్ళని పిల్లి. ప్యాకెట్‌లో అమ్మే పచ్చి టర్కీ మాంసం తినింది, పరీక్షిస్తే పిల్లిలోనూ ప్యాకెట్‌లోనూ ఒకే హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ) వైరస్. సరుకంతా వెనక్కి పిలిపించారు. అది ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్మేది, అది గుర్తుపెట్టుకోండి. గడ్డకడితే క్రిములు చస్తాయనుకునేవాళ్ళు ఇక్కడా చాలామంది ఉన్నారు.

ఉప్పల్_శీను

నేను కోల్డ్ స్టోరేజ్ మాల్ కొనను. నా ముందర కోయించి తెస్త, ఇంటికి రాంగనే ఫ్రీజర్ల పెడ్త. అయినా అడివిల పిల్లులకి ఎవరు ఉడికించి పెడుతుండ్రు?

డా_గన్నవరం

తాజాగా కోసినంత మాత్రాన కోడిలో ఉన్న వైరస్ పోదు. ఫ్రీజర్ టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవిని చంపగలదు గానీ సాల్మొనెల్లాని, ఈ వైరస్‌ని నిలవ ఉంచుతుంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో హెచ్5ఎన్1 బయటపడింది, ఇదేదో అమెరికా గొడవ అని వదిలేయడానికి లేదు. పిల్లులకి ఇది సోకితే జ్వరం, ఆయాసం, ఫిట్స్. చాలావరకు దక్కవు. అడవిలో పిల్లులూ జబ్బులతో, పురుగులతో చస్తాయి, మనకి తెలియదంతే.

విశాఖ_మాధవి

అందరూ తిండి దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్ళో ఉక్కకి లిట్టర్ ఆరదు, నేను డబ్బాతోనే ఎక్కువ కుస్తీ పట్టాను. సుజాతా, నీ డబ్బా ఎన్నేళ్ళది? ప్లాస్టిక్ మీద గోళ్ళ గీతలు పడితే ఆ గీతల్లో మూత్రం దిగిపోతుంది, ఎంత తోమినా వదలదు. మార్చెయ్. మూత్రం తగిలి గడ్డకట్టిన లిట్టర్ ఉండలు రోజుకి రెండుసార్లు తీసెయ్. ఒక పిల్లికి రెండు డబ్బాలుండాలి. మూతున్న డబ్బా మనకి వాసన తెలియకుండా చేస్తుంది, లోపలికెళ్ళే పిల్లికి మాత్రం ఆ ఘాటంతా మొహానికి కొడుతుంది, బయట సోఫా మీద పోయడం అక్కడే మొదలవుతుంది. సెంటు కలిపిన లిట్టరూ అంతే.

అన్నిటికన్నా ముఖ్యం, ఫినాయిల్ వాడకు. దయచేసి వాడకు. మన ఇళ్ళల్లో కంపు అంటే చెయ్యి ముందు ఫినాయిల్ సీసా మీదికే పోతుంది. ఫినాల్ జాతి మందుల్ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, ఒంట్లోకి వెళ్ళిపోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, అది మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే వాయువు వస్తుంది. సువాసన లేని గిన్నెల సబ్బు, వేడినీళ్ళు, ఎండ, అంతే.

సుజాత_కూకట్‌పల్లి

డబ్బా మూతున్నదే, వాణ్ణి తెచ్చినప్పటిది. ఫినాయిల్‌తో తుడిచేది పనమ్మాయి, రేపటినుంచే ఆపిస్తాను. డాక్టరుగారూ, పచ్చిది వద్దు సరే. ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టేస్తే, ప్యాకెట్ పూర్తిగా మానేస్తే పరవాలేదా? పెరుగన్నం బదులు అత్తయ్య ఏం పెట్టొచ్చు?

డా_గన్నవరం

ఒక్క చికెన్‌తో సరిపెట్టకండి. బొక్క లేని మాంసంలో ఫాస్ఫరస్ దండిగా, కాల్షియం అతి తక్కువ. అలా నెలలు గడిస్తే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. "ప్రేమగా రోజూ చికెనే పెట్టాం" అంటూ నడుం వాలిపోయిన కూనల్ని ఎత్తుకొచ్చేవాళ్ళని చూస్తుంటాను, ఎక్స్‌రేలో ఎముకలు కాగితంలా పలచగా కనిపిస్తాయి. బొక్కలు కలిపి ఉడికించడమూ కుదరదు, ఉడికిన బొక్క సూదుల్లా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. పూర్తిగా ఇంటివంటే కావాలంటే కాల్షియం, టారిన్, విటమిన్లు ఎంతెంత కలపాలో బరువు చూసి లెక్కగట్టించుకోవాలి.

మీకు తేలికైన దారి ఇది. సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న మంచి రకం ప్యాకెట్‌ని ప్రధానంగా ఉంచండి, ఒక పూట తడి తిండికి మార్చండి. డ్రైలో నీరు పది శాతం దాకా ఉంటే తడి తిండిలో డెబ్భై అయిదు పైనే. నీరు ఎక్కువ పోతే మూత్రం పలచబడి ఘాటు తగ్గుతుంది. ఉండలు మాత్రం ఎక్కువొస్తాయి. కొత్త తిండిని పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చండి. నచ్చలేదని వాడు ఒకరోజు మించి ఏమీ తినకపోతే పంతం పట్టకండి. బొద్దు పిల్లులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

అత్తయ్యగారు రాత్రి ఒక చెంచాడు ఉడికిన చికెన్ పీచు పెట్టవచ్చు. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు, కూరలోంచి తీసి కడిగి పెట్టడం కాదు, విడిగా ఉడకబెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. ఉడికిన నీళ్ళు పారబోయకండి, టారిన్ ఆ నీళ్ళలోకే దిగుతుంది.

తణుకు_లక్ష్మి

సుజాత గారూ, అత్తయ్యగారి చేత పెరుగన్నం ఒకేసారి మాన్పించకండి, ఆ చికెన్ గిన్నె ఆవిడ చేతికే ఇవ్వండి. మా ఇంట్లో అది కుదరదు గనక తడి తిండి ప్యాకెట్ తెప్పిస్తాను. మీ టారిన్ మాట విన్నాక మా పిల్లికి గుండె పరీక్ష కూడా చేయించాలని ఉంది డాక్టరుగారూ.

ఉప్పల్_శీను

బర్డ్ ఫ్లూ ఉన్నప్పుడు ఉడికిస్త సార్. మామూలు రోజుల్ల నా పిల్లులకి పచ్చిదే పెడ్త. పొట్ట నిండ తిని హుషారుగున్నయ్, నేను రోజు కండ్ల చూస్తున్న.

డా_గన్నవరం

లక్ష్మి గారూ, తప్పకుండా చేయించండి, ఎకో స్కాన్ ఉన్నచోటికి తీసుకెళ్ళండి. శీను గారూ, వైరస్‌కి సీజన్ ఉందనుకున్నా సాల్మొనెల్లాకి లేదు. ఈ మాట దగ్గర నేను మెత్తబడలేను.

సుజాత గారూ, ఒక్క పని తిండి మార్చకముందే చెయ్యండి. బూరె తాజా మలం శుభ్రమైన చిన్న డబ్బాలో పెట్టి, అదే పూట దగ్గర్లోని పశువైద్యశాలకి పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి. జియార్డియా అనే పేగు పరాన్నజీవి, నులిపురుగులు ఉన్నా ఇలాగే పలచగా, ఇదే కంపుతో పోతుంది. పర్షియన్ లాంటి జాతి పిల్లుల్లో ట్రైకోమోనాస్ అనే ఇంకో పరాన్నజీవిని కూడా చూస్తుంటాం, అది మామూలు పరీక్షలో దొరక్కపోవచ్చు, పీసీఆర్ పరీక్ష అడగండి. మలంలో నెత్తురు జీర కనిపించినా, వాంతులు తోడైనా ఇక్కడ జవాబు కోసం ఆగకుండా పిల్లినే తీసుకుని బయల్దేరండి.