ఈ వారం సమస్య: "కాకినాడ కాదు కోకనాడ"

నిర్వాహకుడు: ఊళ్ల పేర్లు, వాటిని పలికే తీరు మీద ఆటవెలది పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో జత కుదరాల్సిన అక్షరానికి, కా–కో అచ్చులు కలవవు కదా అంటారేమో, కాకి–కోక ప్రాసయతి, అంటే వాటి బదులు రెండో అక్షరాలు (కి–క) కలుస్తాయి. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఇంగ్లీషు కాగితాల్లో ఊరి పేరు కోకనాడే, నేను పుట్టించింది కాదు.

గౌతమి గట్టు:
రైలు టికెటు మీద రాసిన కోడేమొ
సీసిటీ యటంచు చెప్పె నాకు
తెల్లదొరల పలుకు దిగబడె నందులో
కాకినాడ కాదు కోకనాడ!

బందరు బాబాయ్: "దిగబడె" భలే పడిందమ్మా, బురదలో బండి చక్రం కళ్లకు కట్టింది. కానీ కాకినాడ టౌన్ కోడు సీసీటీ (కోకనాడ టౌన్) కదా, రెండో "సీ"ని "సి" చేసేశావు. గణం (పొట్టి, పొడుగు అక్షరాల గుంపు) కోసం దీర్ఘం మింగేస్తే పేరు నలిపేసిన దొరలకీ మనకీ తేడా ఏముంది? బెజవాడ బీజెడ్ఏ, శ్రీకాకుళం రోడ్ సీహెచ్ఈ (దొరలు శ్రీకాకుళాన్ని పిలిచిన చికాకోల్ ముక్క అది), ఇవన్నీ ఇంకా టికెట్ల మీద ఉన్నాయి, వాటి మీదా రాయి.

తూరుపు గాలి:
ఎర్రతామరలకు నింపైన పేరేది
కోకనదము, నేడు కొలను నిండ
పూచె, నూరి కవియె పొంగుచు బలికెను
కాకినాడ కాదు కోకనాడ!

నిర్వాహకుడు: ఎర్ర–ఇంపైన యతి ముచ్చటగా ఉంది. చిక్కంతా కోకనద, కోకనాడ దగ్గరే. దీర్ఘం ఒకటి పెరిగింది, ద కాస్తా డ అయింది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే అక్షరం కాబట్టి అక్కడ చెల్లిపోతుంది, మనం పద్యాన్ని పైకి చదువుకుంటాం, నాలుక పళ్లకి తగలాల్సింది పైకి మడతపడితే చెవి వెంటనే పట్టేస్తుంది.

తూరుపు గాలి: నిజమేనండీ, రాసేటప్పుడు కంటితోనే చూసుకున్నాను.

గౌతమి గట్టు: బాబాయ్ గారూ, చిన్నవైన సూర్యగణాల్లో రెండు దీర్ఘాలు పక్కపక్కన రావు, సీసీ ఇమడదు, అందుకని పెద్దదైన ఇంద్రగణంలోకి తెచ్చాను, చివరి "టీ" మాత్రం పొట్టిదైంది.
చిన్న టికెటు మీద సీసీటి యనియుండె
తెల్లదొరల పలుకె తిష్ఠ వేసె
చదివినంతలోనె సందేహమే వచ్చె
కాకినాడ కాదు కోకనాడ?

బందరు బాబాయ్: సమస్యని ప్రశ్నగా తిప్పావే, చాలా బాగుంది! "టి" ఫర్వాలేదు, మన మాటల చివర హ్రస్వమే సహజం. "దిగబడె" పోయిందనే బాధ. రెండో పాదం "తెల్లదొరల పలుకు దిగబడంగ" అని చూడు, యతి కూడా సరిపోతుంది.