పేసర్ రైళ్లు బ్రిటన్ పల్లె లైన్లను కాపాడాయా, ప్రయాణికులను చిన్నచూపు చూశాయా?

లీడ్స్ తెలుగు:
1980ల్లో బ్రిటన్ చిన్న లైన్లకు తెచ్చిన చౌక డీజిల్ రైళ్లు పేసర్లు. అవి పోయాయని బాధపడేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. లేలాండ్ నేషనల్ బస్సు బాడీ తీసుకొచ్చి నాలుగు చక్రాల చట్రం మీద కూర్చోబెట్టారు. మనం పెట్టెనే బోగీ అంటాం గానీ, అసలు బోగీ అంటే పెట్టె కింద మలుపుకు తగ్గట్టు తిరిగే చక్రాల ఫ్రేమ్. పేసర్లకు అదే లేదు. మూడేళ్లు రోజూ ఎక్కాను. పట్టాల అతుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ నడుముకు తగిలేది.

రైలుబడి:
మీ నడుము నొప్పి కాదనను. కానీ అవి ఎప్పుడొచ్చాయో చూడండి. బ్రిటన్ రైల్వే ఖర్చులపై ప్రభుత్వం వేయించిన 1983 సెర్పెల్ నివేదికలో ఒక ప్రతిపాదన 84 శాతం మార్గాలు ఎత్తేయమంది! 1950ల నాటి డీజిల్ బళ్లేమో అరిగిపోయాయి. అలాంటప్పుడు 1985–87 మధ్య పేసర్లలో ఒక రకమైన 142 తరగతి రైళ్లు 96 వచ్చాయి, ఒక్కోదానికి రెండేసి పెట్టెలు. చౌక బండి దొరక్కపోతే చాలా చిన్న లైన్లు మూతపడేవి.

లీడ్స్ తెలుగు:
చౌక ఎవరికి? ఇంగ్లండ్ నైరుతిన డెవాన్, కార్న్‌వాల్ మలుపుల్లో చక్రాల అంచులు అరిగిపోతుంటే కొన్నేళ్లకే అక్కణ్ణుంచి తీసి మా ఉత్తరాదికి తోలారు. 1999 జూన్‌లో విన్స్‌ఫర్డ్ దగ్గర ఎర్ర సిగ్నల్ దాటిన ఖాళీ 142ను వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ గుద్దితే బాడీ చట్రం నుంచి ఊడి వచ్చింది. ఎవరూ చనిపోలేదు. అందులో జనం ఉండుంటే?

కాకినాడ వాసి:
మా కాకినాడ–కోటిపల్లి లైన్లో ఒకే పెట్టె రైల్‌బస్సు తిరిగేది. 45 కిలోమీటర్లు. కుదుపులున్నా అది ఉండబట్టే ఆ లైన్లో రైలు కనిపించింది. లేని రైలు కంటే కుదిపే రైలే మేలు అని నా అభిప్రాయం.

రైలుబడి:
విన్స్‌ఫర్డ్ మాట ఒప్పుకుంటాను, అక్కడ నా దగ్గర జవాబు లేదు. నా అభ్యంతరం ఒక్కటే: తప్పు 1985లో లేదు, తర్వాత వచ్చింది. కొన్నాళ్ల అవసరానికి తెచ్చినదాన్ని 35 ఏళ్లు లాగారు. వికలాంగులకు అనువుగా లేని రైళ్లు ఆపాలన్న గడువు 2020 జనవరి 1. దానికీ సడలింపులు తెచ్చుకుని ఇంగ్లండ్ ఉత్తరాన నవంబర్ దాకా, వేల్స్‌లో 2021 దాకా నడిపారు.

లీడ్స్ తెలుగు:
ఇది మాత్రం నిజం. పేసర్లలోనే మరో రకమైన 144 తరగతిలో ఒక్క రైలును వీల్‌చెయిర్ పట్టే టాయిలెట్‌తో బాగుచేసి 2015లో చూపించారు. మిగతావాటికి ఎందుకు చేయలేదు? నా పక్కింటి పెద్దావిడ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. ఆ ఏళ్లన్నీ ఆవిడ స్టేషన్‌కే రాలేదు.