గ్యారీ స్పీడ్ స్మరణ కార్యక్రమం, నవంబరు 28: ఏర్పాట్లపై చర్చ

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. మన లీడ్స్ ఊరి ఫుట్‌బాల్ జట్టు లీడ్స్ యునైటెడ్‌లో ఒకప్పుడు మిడ్‌ఫీల్డర్‌గా (మధ్య వరుసలో) ఆడిన గ్యారీ స్పీడ్ మరణించి ఈ నవంబరు 27కు పదిహేనేళ్లు నిండుతాయి. ఆ రోజు శుక్రవారం కనుక, మరునాడు 28వ తేదీ శనివారం మన తెలుగు సంఘం తరఫున పిల్లల ఫుట్‌బాల్ పోటీలు, ఆ తరువాత హాలులో ఒక స్మరణ సభ జరపాలని గత సమావేశంలో అనుకున్నాము. నవంబరు చివర ఇక్కడ నాలుగింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి ఆటలు ఉదయం పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించి, భోజనాల తరువాత సభకు కూర్చుంటే బాగుంటుంది. సభ ప్రారంభంలో రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని నా ప్రతిపాదన. కొత్తగా చేరిన ఒక సభ్యుడు, వేల్స్ దేశపు ఆటగాడిని మన తెలుగు సంఘం ఎందుకు స్మరించుకోవాలని అడిగారు. ఆ ప్రశ్నకు నాకంటే డాక్టరు గారే చక్కగా సమాధానం చెప్పగలరు.

డాక్టరు గారు:

ఆ ప్రశ్న అడిగిన తమ్ముడికి ముందుగా నా కృతజ్ఞతలు, ఎందుకంటే అది అడగవలసిన ప్రశ్నే. నేను ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చింది 1990లో. ఆ ఏడాదే లీడ్స్ జట్టు రెండవ డివిజన్ గెలిచి పై డివిజన్‌కు చేరింది. ఇరవై ఏళ్ల స్పీడ్ అప్పటికే జట్టులో ఉన్నాడు. నాకు ఆటలో ఓనమాలు కూడా తెలియవు. రాత్రి డ్యూటీలో నాతో పనిచేసే ఒక పోర్టరు, ఈ ఊళ్లో ఉంటూ లీడ్స్ జట్టు మైదానమైన ఎల్లండ్ రోడ్ చూడకపోతే ఎలాగని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి గోల్‌పోస్టు వెనుక నిలబడి చూసే గట్టు మీద నిలబెట్టాడు. ఆటగాళ్లలో ఎవరిని చూడాలో తెలియక తికమకపడుతుంటే, బంతి గాలిలోకి లేచినప్పుడల్లా పదకొండవ నంబరును చూడమని చెప్పాడు. ఎడమ పక్క నుండి పరుగెత్తుకొచ్చి, తనకంటే పొడగరుల మధ్య అందరికన్నా ముందే పైకి లేచి, ఒక క్షణం అక్కడే ఆగినట్టుగా కనిపించి తలతో బంతిని కొట్టే ఆ కుర్రవాడిని చూసిన తరువాత నాకు ఆట అర్థం కావడం మొదలైంది.

1991-92లో హోవర్డ్ విల్కిన్‌సన్ నడిపిన జట్టులో గోర్డన్ స్ట్రాకన్, డేవిడ్ బ్యాటీ, గ్యారీ మెకాలిస్టర్, స్పీడ్ అనే నలుగురు మధ్య వరుసలో ఆడారు. ఇంగ్లండులో ఇప్పటి అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ మొదలవడానికి ముందు జరిగిన ఆఖరి సీజను అదే. 1992 ఏప్రిల్ 26 ఆదివారం షెఫీల్డ్‌లో మనవాళ్లు 3-2తో గెలిచారు. అదే రోజు కొద్ది గంటల తరువాత లివర్‌పూల్‌లో లీగ్ టైటిల్ కోసం మనతో పోటీపడుతున్న మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో ఓడిపోవడంతో అది మన ఊరికి వచ్చింది. ఆసుపత్రి క్వార్టర్సులో రేడియో ముందు కూర్చున్న మేము, ఏ దేశం వాళ్లమన్నది మరిచిపోయి ఒకరినొకరు కావలించుకున్నాము. ఈ ఊరు నాది అనిపించిన మొదటి రోజు అది. స్పీడ్ కూడా వేల్స్ నుండి చిన్నవాడిగా ఇక్కడికి వచ్చినవాడే. బయటి నుండి వచ్చి ఇక్కడివాడైన మనిషిని, బయటి నుండి వచ్చి ఇక్కడివాళ్లమైన మనం తలచుకోవడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం.

ఇక మౌనం గురించి ఒక విన్నపం. ఆయన మరణవార్త వచ్చిన 2011 నవంబరు 27ననే స్వాన్సీలో మ్యాచ్‌కు ముందు ఒక నిమిషం మౌనం పాటించబోతే, జనం ఉండబట్టలేక చప్పట్లు మొదలుపెట్టారు. రెండు రోజుల తరువాత నాటింగ్‌హామ్‌లో జరిగిన లీడ్స్ మ్యాచ్‌లో మన అభిమానులు ఆట పదకొండవ నిమిషం నుండి పదకొండు నిమిషాల పాటు ఆయన పేరును పాటగా ఆపకుండా పాడారు. ఆ పాట ముగిసే వేళకే లీడ్స్ ఆటగాడు రాబర్ట్ స్నాడ్‌గ్రాస్ గోల్ వేశాడు. ఆ మ్యాచ్ లీడ్స్ 4-0తో గెలిచింది. పదకొండు ఆయన జెర్సీ నంబరు. ఈ ఊరు తన దుఃఖాన్ని గొంతెత్తి చెప్పుకున్నది, కాబట్టి మనం కూడా మౌనాన్ని పక్కన పెట్టి అలాగే పాడాలని కోరుతున్నాను.

పిల్లల ఆటల బాధ్యుడు:

డాక్టరు గారూ, మీ మాట నాకు శిరోధార్యం. పన్నెండేళ్లు దాటిన పిల్లల ఫైనల్‌ను మామూలుగా పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలుగా ఆడిస్తాము. అలా అయితే పాట మధ్యలో విరామం వచ్చి పడుతుంది. అందుకని ఈసారి ఒక్కొక్క సగాన్ని ఇరవై ఐదు నిమిషాలు చేసి, మొదటి సగంలో పదకొండవ నిమిషం నుండి తల్లిదండ్రులందరూ గీత బయట నిలబడి చప్పట్లతో ఆయన పేరు పాడేలా ఏర్పాటు చేస్తాను. ఆట మాత్రం ఆగదు. ఉత్తమ ఆటగాడి బహుమతిని ఎక్కువ గోల్స్ వేసినవారికి కాకుండా, చివరి నిమిషం దాకా వెనక్కి పరుగెత్తి జట్టుకు సాయపడిన బిడ్డకు ఇవ్వాలని నా కోరిక. స్పీడ్ ప్రీమియర్ లీగ్‌లో 535 మ్యాచ్‌లు ఆడాడు, అందులో 500 మైలురాయిని అందరికంటే ముందు దాటాడు. అంతకాలం నిలబడడానికి ప్రతిభ ఒక్కటే చాలదని, తిండి, నిద్ర, సాధన విషయంలో ఆయన పాటించిన క్రమశిక్షణను పిల్లలకు రెండు మాటల్లో చెబుతాను.

ప్రదర్శన బాధ్యురాలు:

టీవీ సంస్థల వీడియోలను అనుమతి లేకుండా సభలో చూపడం మంచిది కాదు. వాటికి బదులు మన సభ్యుల ఇళ్లలో ఉన్న పాత టికెట్లు, మ్యాచ్ పుస్తకాలు, అభిమానుల కండువాలు, జెర్సీలు ఒక బల్ల మీద పేర్చుదాం. ఆయన 1996లో ఎవర్టన్‌కు, 1998లో న్యూకాసిల్‌కు, 2004లో బోల్టన్‌కు, 2008లో షెఫీల్డ్ యునైటెడ్‌కు వెళ్లాడు కనుక, ఆ ఊళ్లలోని మన తెలుగువారు తెచ్చే వస్తువులకూ చోటు ఉంచుతాను. వేల్స్ ఎర్ర జెర్సీ తప్పక ఉండాలి. ఆ దేశానికి 85 మ్యాచ్‌లు ఆడి, ఆ పైన శిక్షకుడై, ఆఖరి మ్యాచ్‌లో నార్వే మీద 4-1తో గెలిపించిన మనిషి ఆయన. వస్తువులు ఇచ్చేవారు వెనుక పేరు రాసిన చీటీ అంటించి నాకు ముందు రోజు సాయంత్రానికి చేర్చాలి. భోజనాల విషయానికి వస్తే, అది కార్తీక మాసం కనుక పూర్తిగా శాకాహారమే ఉంటుంది: పులిహోర, దద్దోజనం, పప్పు, రెండు కూరలు.

విద్యార్థి సేవకుడు:

పెద్దలకు నమస్కారం. నేను చెప్పేది ఎలా అందుతుందోనన్న సంకోచంతోనే రాస్తున్నాను. స్పీడ్ మరణం ఆత్మహత్యేనని చాలామంది అనుకున్నారన్నది అందరికీ తెలుసు. సభలో ఆ విషయాన్ని దాటవేస్తే, వినవలసినవాళ్లు వినకుండా వెళ్లిపోతారేమోనని నా భయం. నిరుడు శీతాకాలంలో నేను వారాల తరబడి గదిలోనే ఉండిపోయాను, ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం అంతా బాగుందని చెప్పాను. ఒక సీనియర్ అన్న తలుపు తట్టి కూర్చోబెట్టి మాట్లాడించాడు కాబట్టి బయటపడ్డాను.

డాక్టరు గారు:

నాయనా, నువ్వు రాసినందుకు నిన్ను చూసి గర్వపడుతున్నాను. ఆ మాట తప్పక ఉండాలి, కానీ ఎలా ఉండాలన్నది ముఖ్యం. మరణించిన తీరును వర్ణించకూడదు, కారణాలు ఊహించకూడదు. విచారణ జరిపిన అధికారి సైతం ఆయన ఉద్దేశాన్ని నిర్ధారించలేమని చెప్పారు. ముందు రోజు టీవీలో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆయన. కాబట్టి నవ్వుతున్నవాళ్లను కూడా పలకరించాలని మాత్రం చెబుదాం. మనసు బాగాలేనివారు ఎప్పుడైనా ఉచితంగా పిలిచి మాట్లాడగల సమారిటన్స్ అనే సహాయ సంస్థ నంబరు 116 123ను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి తలుపుల దగ్గర పెడదాం. హాలు పక్క గదిని ఖాళీగా ఉంచితే, మాట్లాడాలనుకున్నవారితో నేనూ మరొక డాక్టరమ్మా సాయంత్రం దాకా కూర్చుంటాము. నీకు ఇష్టమైతేనే నీ అనుభవం సభలో చెప్పు. చెప్పాలని ఎవరూ ఒత్తిడి చేయరు.

సమన్వయకర్త:

మౌనం ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను. ఫైనల్ మధ్య పాట, భోజనాలు, ప్రదర్శన, డాక్టరు గారి ప్రసంగం, పక్క గది అన్నీ ఖాయం. ఆ శనివారం ఎల్లండ్ రోడ్‌లో మ్యాచ్ ఉంటే అటువైపు రోడ్లు నిండిపోతాయి, టీవీ కోసం ఆట వేళ మారే అవకాశమూ ఉంది. అందుచేత హాలును ఊరికి ఉత్తరాన తీసుకుంటున్నాను. గీతలు గీయడానికి, గోల్‌పోస్టులు నిలబెట్టడానికి ఉదయం ఎనిమిదిన్నరకు ఆరుగురు కావాలి. ఇప్పటికి నలుగురు పేర్లిచ్చారు.