అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ రెండో ఆల్బమ్: సగం కవర్లే (ఇతరుల పాటలే), మరి ఇంత పొగడ్త ఎందుకు?

బేస్‌లైన్:
1984లో వచ్చిన ‘కుడ్‌న్ట్ స్టాండ్ ద వెదర్’ని అందరూ ఆకాశానికెత్తుతారు. ఉన్నవి ఎనిమిది పాటలు, అందులో స్టీవీ సొంతంగా రాసినవి నాలుగే, ఆ నాలుగులోనూ రెండింటికి అసలు సాహిత్యమే లేదు, ఒట్టి వాయిద్యం. పైగా రాక్ గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ పాట ‘వూడూ చైల్డ్’ని ఎనిమిది నిమిషాలు సాగదీశాడు. మొదటి ఆల్బమ్ ‘టెక్సస్ ఫ్లడ్’ తర్వాత ఇదా? అప్పట్లో కొందరు సమీక్షకులు కూడా సొంత సరుకు తక్కువైందనే అన్నారు.

షఫుల్‌పిచ్చి:
సొంత పాటలెన్ని అని లెక్కేస్తే బ్లూస్‌లో సగం గొప్ప రికార్డులు పక్కన పెట్టాల్సిందే. ‘కోల్డ్ షాట్’నే తీసుకోండి. అది రాసిన మైక్ కిండ్రెడ్, డబ్ల్యూ.సి. క్లార్క్ ఇద్దరూ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో స్టీవీతో ఒకే బ్యాండ్‌లో వాయించినవాళ్లు, అంటే ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు, ఇంటి పాటే. ఆ గిరగిర తిరిగే స్పీకర్ సౌండ్, బీట్‌కి వెంట్రుకవాసి వెనకబడి నడిచే ఆ రిథమ్, ఎవరైనా రెండు బార్లు (తాళం ఆవర్తాలు) వింటే చాలు ఎవరు వాయిస్తున్నారో చెప్పేస్తారు.

ఇక ‘టిన్ పాన్ ఆలీ’. పాత స్లో బ్లూస్, తొమ్మిది నిమిషాల పైమాటే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి: స్టీవీ బ్యాండ్‌లోని లేటన్ డ్రమ్స్ మీద దాదాపు గుసగుసలాడుతుంటాడు, షానన్ బేస్ గిటార్ ఎక్కడా తొందరపడదు, స్టీవీ ఒక్కో నోట్‌ని ఎంత మెల్లగా మీటుతాడంటే తర్వాతది వస్తుందా రాదా అని టెన్షన్ పుడుతుంది, అంతలో ఒక్కసారిగా తీగ తెగిపోతుందేమో అన్నంత గట్టిగా కొడతాడు. సొంత రచన అంటే నాకు ఇదే.

బేస్‌లైన్:
‘టిన్ పాన్ ఆలీ’ మీద నాకు పేచీ లేదు. ‘వూడూ చైల్డ్’ సంగతి చెప్పండి. అదే వావా (గిటార్ సౌండ్‌ని మాట్లాడినట్టు మార్చే పెడల్), అదే అమరిక, కొత్తగా ఏం చేశాడు?

ఆరోతీగ:
మధ్యలో వస్తున్నా. టైటిల్ పాటని ఇద్దరూ వదిలేశారు! స్టీవీ అన్నయ్య జిమ్మీ వాన్ రిథమ్ వాయించిన ఆ ఫంక్ రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ ముక్క) ‘టెక్సస్ ఫ్లడ్’లో ఎక్కడుంది? మొదటి ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో 38వ స్థానం దాకా వెళ్తే ఇది 31కి చేరింది, జనం వెనక్కి తగ్గలేదు.

షఫుల్‌పిచ్చి:
‘వూడూ చైల్డ్’కి నా జవాబు: 1984లో రేడియో అంతా సింథసైజర్లే. అలాంటప్పుడు ముగ్గురే ముగ్గురు కలిసి ఆ పాటని అంత బరువుగా వాయించడం నకలు కాదు, పందెం. హెండ్రిక్స్ కంటే గొప్పగా ఉందని నేననను. కానీ అది తీసేసి ఆల్బమ్ వినమంటే మాత్రం నేను వినను.