కోపియాపోవా రెండేళ్లయినా పచ్చగానే ఉంది, బూడిద రంగు ఎప్పుడొస్తుంది?

కుండీల_పిచ్చి (హైదరాబాద్)
నమస్తే అండి. రెండేళ్ల కిందట కోపియాపోవా సినేరియా అనే కాక్టస్ అని 1,800 పెట్టి తెప్పించుకున్నాను. వచ్చినప్పుడు గోలీ కంటే కాస్త పెద్దది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. ఫొటోల్లో చూస్తే ఒళ్లంతా విభూతి పూసుకున్నట్టు తెల్లగా, నల్ల ముళ్లతో ఉంటుంది కదా, నాదేమో దోసకాయలా పచ్చగా నిగనిగలాడుతోంది. మోసపోయానా? ఇంకో రెండు అడగాలి: కుండీ మార్చాలంటే ఏ సైజు తీసుకోవాలి, ఎండాకాలం నీళ్లు పూర్తిగా ఆపేయాలా? మాది తూర్పు బాల్కనీ, పొద్దున పదకొండు దాకా ఎండ ఉంటుంది.

అడీనియం_అన్న
1,800 కి మా దగ్గర మూడేళ్ల అడీనియం, ముద్ద పూలది, గడ్డ బాగా ఊరినది వస్తుంది. నిమ్మకాయ సైజు ముళ్ల ఉండకి అంత పెట్టడం ఏమిటండి. నా మేడ మీద 60 కుండీలున్నాయి, ఏప్రిల్లో వచ్చి చూడండి పూలంటే ఏమిటో.

సముద్రపు_గాలి (విశాఖ)
నా బాధ చెప్తాను వినండి. కోపియాపోవా సముద్రం పక్క ఎడారి మొక్క అని చదివి, మాదీ సముద్రం ఒడ్డే కదా, ఇక్కడ పండగ చేసుకుంటుంది అనుకుని మూడు తెచ్చాను. ఒకటి ఆగస్టులో, ఒకటి సెప్టెంబరులో, మూడోది దసరాకి పోయాయి. పైన చూస్తే బాగానే ఉంటుంది, పట్టుకుని లాగితే కింద పులుసు. అందుకే చెప్తున్నా, రంగు సంగతి తర్వాత, ముందు బతికించుకోండి.

విత్తు_వేసి_చూడు
@సముద్రపు_గాలి మీ సముద్రం వేరు, దాని సముద్రం వేరండి. దాని సొంతూరు దక్షిణ అమెరికాలోని చిలీ, ఆ తీరం వెంట హంబోల్ట్ ప్రవాహం పోతుంది, అది చల్లటి నీళ్లు. ఆ నీటి మీద గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది, పైన వేడి గాలి మూత వేసినట్టు ఉంటుంది, అందుకని మేఘం పైకి లేచి వాన అవ్వదు, పొగమంచుగా వచ్చి కొండలకి కొట్టుకుంటుంది. ఆ మంచునే అక్కడ కామంచాకా అంటారు. అక్కడి ఆంటోఫగాస్తా ఊళ్లో ఏడాదంతా కలిపి పడే వాన కొన్ని మిల్లీమీటర్లు, మీ విశాఖలో ఒక్క తుఫాను పూట అంతకంటే ఎక్కువ పడుతుంది. పైగా అక్కడ జనవరి అంటే నడి వేసవి, అప్పుడు కూడా సగటు 20 డిగ్రీల దగ్గరే. ఎడారి అనగానే మనవాళ్లు రాజస్థాన్ అనుకుని మే నెల ఎండలో కాలుస్తారు, రాత్రి కూడా 30 డిగ్రీలుండే చోట నీళ్లు పోస్తారు, వేరు ఉడికిపోతుంది.

సముద్రపు_గాలి (విశాఖ)
ఇది కొనకముందు ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు వేలు మిగిలేవి.

లంబసింగి_లోకల్
మంచు కావాలంటే మా వైపు పంపండి, డిసెంబరులో గిన్నెల్లో పట్టి ఇస్తాం 😀

కడియం_నర్సరీ
పాతికేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాం. మీరంతా దీన్ని దేవుడి బొమ్మలా చూస్తున్నారు. సొంత వేరు మీద ఇది మన వాతావరణంలో ఎదగదు, అంతే. డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటు కట్టండి, ఏడాదికి నిమ్మకాయ కాస్తా బత్తాయి అవుతుంది. ఎర్రవి, పసుపువి బంతుల్లాంటి కాక్టస్‌లు బజారులో ఎన్ని అమ్ముడవుతున్నాయో చూశారా, అన్నీ అంటువే.

విత్తు_వేసి_చూడు
ఆ ఎర్ర బంతుల్లో ఆకుపచ్చ పదార్థమే ఉండదు, అంటు లేకపోతే చచ్చిపోతాయి కాబట్టి కడతారు. కోపియాపోవాకి ఆ ఖర్మ లేదు. అంటు మీద అది ఉబ్బిపోయి బెలూన్‌లా అవుతుంది, ముళ్లు సన్నబడతాయి, ఆ మొక్కకి ఉన్న రూపమే పోతుంది. బత్తాయి కావాలంటే బత్తాయే కొనుక్కోవచ్చు.

కడియం_నర్సరీ
రూపం అంటూ మీరు ఐదేళ్లు కూర్చుని చూస్తే మాకు రోజు గడవాలి తమ్ముడూ. విత్తనం నుంచి పెంచి అమ్మితే కొనేదెవరు?

విత్తు_వేసి_చూడు
నేను 2019 లో 40 విత్తనాలు వేశాను అన్నా. 31 మొలిచాయి. మొదటి వేసవికే సగం పోయాయి, తర్వాత పిండినల్లి కొన్నిటిని తినేసింది, ఒకసారి ఉడుత ట్రే మొత్తం తవ్వి పడేసింది. ఇప్పుడు ఆరు మిగిలాయి, అన్నిట్లో పెద్దది ఉసిరికాయంత. కానీ వాటి పక్కనే వేసిన కోపియాపోవా హ్యుమిలిస్ అనే ఇంకో రకం మాత్రం నాలుగో ఏటికే పసుపు పూలు పూసింది. ఆ రోజు ఆఫీసుకి లీవు పెట్టాను, నిజంగా. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంది, దగ్గర ముక్కు పెడితే సన్నటి వాసన. అంటు వేసి ఉంటే ఆ సంతోషం వచ్చేదా?

సరోజ_మిద్దెతోట
నేను అసలు ప్రశ్నకి వస్తాను. ఆ తెలుపు రంగు కాదు, మైనం. బూడిద గుమ్మడికాయ మీద ఉంటుంది చూడండి, గోరుతో గీస్తే పోతుంది, సరిగ్గా అలాంటిదే. నా దగ్గర ఉన్నదానికి ఐదేళ్లకి కాస్త బూడిద పట్టింది. నేను ఊరెళ్లినప్పుడు మా అత్తయ్యగారు అది పిండినల్లి అనుకుని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన వేపనూనె కూడా కొట్టారు. తిరిగొచ్చేసరికి మొక్క నూనె రాసిన గుండులా మెరుస్తోంది. ఒకసారి పోయిన మైనం ఆ చోట మళ్లీ రాదండి, కొత్తగా పైన పెరిగే భాగానికే వస్తుంది. ఆవిడని ఏమీ అనలేక రెండు రోజులు అన్నం సహించలేదు నాకు.

కుండీల_పిచ్చి (హైదరాబాద్)
అయ్యో! సరోజ గారూ, అంటే నేను పైనుంచి స్ప్రే చేయడం కూడా తప్పేనా?

సరోజ_మిద్దెతోట
పైనుంచి వద్దు. కుండీ అంచున పోయండి. చేత్తో పట్టుకుంటే వేలిముద్ర కూడా ఉండిపోతుంది.

మెట్టతోట
ఇంత గొడవెందుకు, చిన్నది కొంటే పచ్చగానే ఉంటుంది, పెద్దది కొనాలి. నా దగ్గరున్నది అడుగుభాగం చెట్టు బెరడులా గోధుమ రంగు, పైన తెల్లటి బూడిద, వెడల్పు ఏడు అంగుళాలు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన దగ్గర 38 వేలకి తీసుకున్నాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరే ఆగుతారు. ఆసక్తి ఉన్నవాళ్లకి ఫొటో పంపుతాను.

విత్తు_వేసి_చూడు
ఏడు అంగుళాలా? అడుగున బెరడు? అన్నా, అది నర్సరీలో పెరిగింది కాదు. ఎడారిలోంచి తవ్వి తెచ్చింది.

మెట్టతోట
మీకెలా తెలుసు? పక్కన నిలబడి చూశారా? డబ్బిచ్చి కొన్నాను, దొంగతనం చేయలేదు.

అటకామా_రిటర్న్
ఇన్నాళ్లూ ఊరికే చదివి పోయేవాడిని, దీనికి మాత్రం రాయకుండా ఉండలేను. ఉద్యోగం మీద ఆంటోఫగాస్తాలో రెండేళ్లు ఉన్నాను. సెలవు దొరికితే తాల్‌తాల్ వైపు, ఇంకా కిందకి పాన్ దె అసూకార్ నేషనల్ పార్క్ దాకా కారేసుకుని పోయేవాళ్లం. పొద్దున్నే కొండ మీద నిలబడితే మంచు సముద్రం మీంచి గోడలా వస్తుంది, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది, కానీ వాన కాదు. ప్రతి ముల్లు కొసన ఒక చుక్క. తీరం వదిలి కొంత దూరం లోపలికి వెళ్తే మంచు రాదు, అక్కడ ఒక్క మొక్క కూడా ఉండదు, ఉత్త రాయి. ఆ పార్కులో ఉండే కొలుమ్నా ఆల్బా రకం కోపియాపోవాలు వేలకొద్దీ, తలలన్నీ ఒకే వైపు, ఉత్తరానికి వంచి నిలబడతాయి, గుళ్లో హారతి సమయానికి జనం వంగినట్టు. అక్కడ సూర్యుడు ఉత్తరం పక్కన తిరుగుతాడు కాబట్టి తల మీద మొగ్గ వచ్చే చోటికి ఎండ, ఒంటికి నీడ. అరచేయంత మొక్క వయసు మా గైడ్‌ని అడిగితే, మీ వయసు కంటే ఎక్కువే ఉంటుంది అన్నాడు. తర్వాత కొంత దూరం పోతే వరుసగా గుంటలు కనిపించాయి. గడ్డపారతో తవ్విన గుంటలు, తాజాగా.

మెట్టతోట
సెంటిమెంటు బాగుంది. నేను ఒకటి కొంటే ఎడారి ఖాళీ అయిపోతుందా?

అటకామా_రిటర్న్
అందరూ అదే మాట అంటారండి. 2020 లో ఇటలీలో సెనిగాలియా అనే ఊళ్లో ఒక ఇంట్లో పోలీసులు పట్టుకున్న చిలీ మొక్కలు వెయ్యికి పైగా, ఎక్కువ భాగం కోపియాపోవాలు, వాటిలో వందేళ్లు దాటినవి కూడా ఉన్నాయి. ఆ ఎడారి పేరు అటకామా, ఆ కేసుకి పేరే ఆపరేషన్ అటకామా. 2021 లో బతికినవాటిలో 844 మొక్కల్ని విమానంలో చిలీకి తిప్పి పంపారు. అదొక్క ఇల్లు. అంతరించే జీవుల జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్క ప్రకారం కోపియాపోవా రకాల్లో అంతరించే ముప్పున్నవి 2013 లో 55 శాతం, 2024 కి 82 శాతం. రోడ్లు, ఇళ్లు, వాతావరణం మారడం కూడా కారణాలే, కానీ సోషల్ మీడియాలో అమ్మకాలు పెరిగాకే ఇంత ఎగబడటం. అదే ఐయూసీఎన్ ఇంకోటి కూడా చెప్పింది: బూడిద రంగులో, పొడి పట్టినట్టు ఉంటే తవ్వి తెచ్చింది, పచ్చగా ఉంటే నర్సరీలో పెంచింది అని గుర్తుపట్టొచ్చట. అంటే @కుండీల_పిచ్చి గారూ, మీరు మోసపోలేదు. మీది పచ్చగా ఉండటమే మంచి సర్టిఫికెట్.

సరోజ_మిద్దెతోట
ఇంట్లో పెంచినదానికీ ఎండ బాగా తగిలితే, నీళ్లు తక్కువైతే కొంత బూడిద వస్తుందండి, నాది వచ్చింది కదా. బూడిద కనపడగానే దొంగ అనకండి.

అటకామా_రిటర్న్
ఒప్పుకుంటున్నాను. బూడిదతో పాటు సైజు, అడుగున బెరడు, తెగిన వేర్లు అన్నీ కలిపి చూడాలి.

శుభం_గృహం
అసలు ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదండి. వాస్తు ప్రకారం బయట నైరుతిలో అయితే పర్వాలేదు.

ఉక్రోషం_వద్దు
ఉత్తరానికి దణ్ణం పెట్టే మొక్కని నైరుతిలో పెడితే దానికి మెడ పట్టేస్తుంది మేడమ్.

శుభం_గృహం
వెక్కిరించడం తేలిక. మా తమ్ముడింట్లో కాక్టస్ పెట్టిన నెలకే బోరు ఎండిపోయింది.

ఉక్రోషం_వద్దు
ఆ నెల మే అయి ఉంటుంది.

సముద్రపు_గాలి (విశాఖ)
మరి మన దగ్గర ఏ వైపు వంగుతుంది? మనకి సూర్యుడు దక్షిణంగా కదా ఎక్కువ కాలం.

విత్తు_వేసి_చూడు
బాల్కనీలో అయితే వెలుతురు ఎటుంటే అటే. వారానికోసారి కుండీ తిప్పుతుండండి, దిక్కుల సంగతి మర్చిపోండి.

అటకామా_రిటర్న్
అన్నట్టు ఆ పార్కు ఎదురుగా ఉన్న దీవిలో పెంగ్విన్లుంటాయి. పడవలో తీసుకెళ్లి చూపిస్తారు.

అడీనియం_అన్న
ఎడారిలో పెంగ్విన్లా? పొద్దున్నించీ నమ్ముతూ వచ్చాను, ఇక్కడ దొరికిపోయారు మీరు.

అటకామా_రిటర్న్
హంబోల్ట్ పెంగ్విన్లు అనే రకమే వేరే ఉంది సార్. నీళ్లు చల్లన, చేపలు ఎక్కువ, వాటికి మంచుగడ్డలతో పనేముంది. వెతికి చూసుకోండి.

అడీనియం_అన్న
చూశాను. ఉన్నాయి. సరే. అయినా అడీనియం అడీనియమే.

కడియం_నర్సరీ
నేనొకటి అడుగుతా. తవ్వి తెచ్చింది కొనొద్దంటారు, అంటు కట్టింది వద్దంటారు, విత్తనం మొక్క గోలీ సైజుకి 1,800 అంటే ఖరీదంటారు. మేం ఏం అమ్మాలి? అంటు వల్లే కదా రెండేళ్లలో పూలు, కాయలు, విత్తనం చేతికొచ్చేది? ఆ విత్తనం చౌకగా దొరికితే ఎడారికి పారతో పోయేవాడు తగ్గుతాడు కదా?

విత్తు_వేసి_చూడు
ఇది నేను ఆలోచించలేదన్నా. విత్తనం కోసం తల్లి మొక్కల్ని అంటు మీద ఉంచడం సబబే. అమ్మేటప్పుడు మాత్రం అంటు అని చెప్పి అమ్మండి, అంతే నా గొడవ. రెండు వేర్వేరు మొక్కలుంటేనే కాయ కడుతుంది, ఒక్కదాన్ని చూసుకుంటూ కూర్చోకండి.

కడియం_నర్సరీ
చెప్పే అమ్ముతాం. నీ హ్యుమిలిస్ విత్తనం ఉంటే ఓ యాభై పంపు, డబ్బిస్తాను.

మెట్టతోట
ఇందాక కోపంలో మాట్లాడాను. ఒక విషయం చెప్పలేదు. నా మొక్క వచ్చి 14 నెలలైంది, ఇంతవరకూ వేరు పట్టలేదు. ఎత్తి చూస్తే అడుగున కత్తిరించినట్టు చదునుగా ఉంది. చుట్టూ ముడతలు పడుతున్నాయి, కాస్త ఒరిగింది. అమ్మినాయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ ఇది ఎలా బతుకుతుందో చెప్పండి.

విత్తు_వేసి_చూడు
తిట్టను. కుండీలోంచి పూర్తిగా తీసేయండి. అడుగు గట్టిగా ఉందా మెత్తగా ఉందా వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే శుభ్రమైన కత్తితో లోపల తెల్లగా కనపడేదాకా కోసి, గంధకం పొడి అద్ది, నీడలో గాలి తగిలేలా నెల రోజులు వదిలేయండి. గట్టిగా ఉంటే కోయొద్దు. తర్వాత మట్టి లేకుండా ఇటుక ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుల్ల రాయి), సన్న కంకర మీద కూర్చోబెట్టండి, పూడ్చొద్దు. వర్షాలు తగ్గాక, అక్టోబరు నుంచి అంచున కొద్దిగా తడి చూపించండి. అది చలిలోనే కదులుతుంది, ఏప్రిల్ దాకా వేరు రాకపోతే మళ్లీ వేసవి దాటించడం కష్టం. నీడలో పెట్టండి, ఎండలో ముడతలు ఇంకా పెరుగుతాయి.

మెట్టతోట
గట్టిగానే ఉంది. థాంక్స్ తమ్ముడూ.

శుభం_గృహం
నేను ముందే చెప్పాను.

కుండీల_పిచ్చి (హైదరాబాద్)
అందరికీ ధన్యవాదాలు, స్ప్రే సీసా దాచేశాను. మా అమ్మకి గుమ్మడికాయ సంగతి చెప్తే అప్పటినుంచి దాన్ని "చిన్న గుమ్మడి" అంటోంది, తుడవనని మాటిచ్చింది. కానీ నా కుండీ సైజు, ఎండాకాలం నీళ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదండీ 🙏

విత్తు_వేసి_చూడు
నిమ్మకాయంతకి నాలుగు అంగుళాల మట్టి కుండీ, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వేయకండి. ఏప్రిల్, మే పూర్తిగా ఆపేయండి, మరీ ముడత పడితే రాత్రి పూట ఒక చెంచా, అంతకు మించి వద్దు.

అడీనియం_అన్న
నాలుగు అంగుళాల కుండీలు నా దగ్గర ఖాళీవి ఓ పదిహేను ఉన్నాయి, ఉప్పల్ వైపు వస్తే తీసుకెళ్లండి, డబ్బులొద్దు.